బట్టల క్లిప్పు: కొనడం మొదలు మరమ్మతు దాకా

తోపుడుబండి మీద ప్లాస్టిక్ సామాను అమ్మేవాళ్ళ దగ్గర బట్టల క్లిప్పులు డజను చొప్పున అట్టముక్కకు గుచ్చి ఉంటాయి. కొనేవాళ్ళు సాధారణంగా రంగు చూస్తారు, ధర అడుగుతారు, అంతటితో బేరం ముగుస్తుంది. ఏడాది తిరిగేలోపు వాటిలో సగానికి కాళ్ళు విరిగి, మిగిలిన సగం తుప్పుపట్టి, తెల్లచొక్కా భుజం మీద గోధుమరంగు గుర్తు మిగిల్చినప్పుడు తప్పు క్లిప్పుదేనని తేల్చేస్తాం. చాలాసార్లు తప్పు ఎంపికలో ఉంటుంది. అంతకంటే ఎక్కువసార్లు దాన్ని ఎక్కడ పట్టించామన్న దానిలో ఉంటుంది. అందుకే ఎంపిక, దండెం కట్టే తీరు, బట్టను బట్టి పట్టించవలసిన చోటు, ఊడిన క్లిప్పును తిరిగి బిగించే విధానం, దండెం మీద కాక ఇంట్లో అది చేయగల ఇతర పనులు అన్న వరుసలో ఈ విషయాన్ని వివరిస్తున్నాను.

ముందుగా ఒక సూత్రం గుర్తుంచుకుంటే మిగిలినదంతా దాని వెంటే వస్తుంది. బట్ట బరువును దండెం మోయాలి, క్లిప్పు దాన్ని జారకుండా, ఎగరకుండా ఆపాలి. తడిదుప్పటిని రెండు కొసల దగ్గర మాత్రమే క్లిప్పులతో వేలాడదీస్తే, ఆ నీటి బరువంతా గోరంత చోటు మీద పడి, అక్కడ బట్ట సాగి, మధ్యలో ఊయలలా దిగబడుతుంది. అదే దుప్పటిని జానెడు మేర దండెం మీదుగా మడిచి, ఆ మడత మీద క్లిప్పు పెడితే, బరువు తాడంతటా పరుచుకుంటుంది, క్లిప్పు గాలితో మాత్రమే తలపడుతుంది.

క్లిప్పు లోపలి సంగతి

రెండు కాళ్ళు, వాటి నడుమ ఒక తీగచుట్ట, అంతే క్లిప్పు. బడిలో చదువుకున్న మొదటి రకం తులాదండాలు రెండింటిని ఎదురెదురుగా పెట్టినట్టు ఉంటుంది. కత్తెరలాగే ఆధారం మధ్యలో, బలం ఒక కొసన, పట్టు రెండో కొసన ఉంటాయి. తేడా ఏమిటంటే కత్తెరకు మూసే బలం మన వేళ్ళది, క్లిప్పుకు మూసే బలం స్ప్రింగుది. మన వేళ్ళు తెరవడానికే పనిచేస్తాయి. ఈ చిన్న వివరం కొనుగోలులో పనికివస్తుంది. నొక్కే కొసలు పొడవుగా ఉన్న క్లిప్పు తక్కువ శ్రమతో తెరుచుకుంటుంది కనుక, కీళ్ళనొప్పులున్న పెద్దవాళ్ళు ఉన్న ఇంటికి పొట్టి క్లిప్పుల కంటే పొడుగువి మేలు.

స్ప్రింగు క్లిప్పుకు 1853లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ ఊరికి చెందిన డేవిడ్ ఎం. స్మిత్ పేటెంటు పొందాడు. తీగను చుట్టగా చుట్టి, ఆ చుట్టనే ఆధారంగా మార్చి, ఇప్పుడు మనం వాడే రూపానికి దగ్గర చేసినవాడు అదే రాష్ట్రానికి చెందిన సోలన్ ఈ. మూర్, అది 1887 నాటి మాట. అంతకుముందు చీలిక పెట్టిన ఒకే కర్రముక్కను తాడు మీదికి దిగ్గొట్టేవారు. మన రేవుల్లో రజకులకు ఈ రెండింటితోనూ పనిపడలేదు. రెండు తాళ్ళను కలిపి గట్టిగా పురిపెట్టి కట్టి, ఆ పురి సందులో బట్ట అంచును దోపితే, బట్ట బరువుకే పురి బిగుసుకుని అంచును పట్టి ఉంచుతుంది. ముంబయి మహాలక్ష్మి దగ్గరి ధోబీఘాట్‌లో నేటికీ బట్టలు ఆరేది ఈ పద్ధతిలోనే. క్లిప్పులు అయిపోయిన రోజున ఇంట్లోనూ దీన్ని ప్రయత్నించవచ్చు, పనిచేస్తుంది.

కొనేముందు చేయవలసిన పరీక్షలు

బజారులో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు: ప్లాస్టిక్, చెక్క, స్టీలు. వీటిలో ఏది మంచిదన్న ప్రశ్నకు జవాబు మీ దండెం ఎక్కడుందన్న దాన్ని బట్టి మారుతుంది.

ప్లాస్టిక్ క్లిప్పుకు శత్రువు ఎండ. వీటిలో ఎక్కువభాగం పాలీప్రొపిలీన్‌తో చేసినవి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఆ పదార్థపు పొడవాటి అణుగొలుసులు తెగిపోతాయి. మొదట రంగు వెలిసి, పైన సుద్దపొడిలాంటిది చేతికి అంటుతుంది, తర్వాత నొక్కగానే కాలు పుటుక్కున విరుగుతుంది. సుద్దపొడి కనిపించిందంటే ఆ క్లిప్పు రోజులు దగ్గరపడ్డాయని అర్థం. అది కంటి దగ్గర విరిగి ముక్క ఎగిరేదాకా వాడవద్దు. నల్లరంగు కోసం కలిపే కార్బన్ పొడి ఈ కిరణాలను ఆపుతుంది. డాబాల మీది నీళ్ళ ట్యాంకులూ, ఆరుబయట వేసే పైపులూ తరచుగా నల్లగా ఉండడానికి ఒక కారణం అదే. ముచ్చటైన గులాబీ, చిలకపచ్చ క్లిప్పుల పక్కన నల్లవి అందవిహీనంగా కనిపించినా, ఎండలో వాటికే నా ఓటు.

చెక్క క్లిప్పు ఎండకు తట్టుకుంటుంది, బట్ట మీద గుర్తు తక్కువగా పడుతుంది, కానీ వానలో నానితే నల్లబూజు పట్టి, ఆ నలుపును బట్టకు అంటిస్తుంది. నీడపట్టున, బాల్కనీలో, ఇంటి లోపల తాడు కట్టుకున్నవాళ్ళకు ఇది చక్కగా సరిపోతుంది. కొనేటప్పుడు నోటి అంచును వేలితో తడిమి చూడండి. పేడు గుచ్చుకుంటే పట్టుచీరలోని పోగును కూడా అదే లాగుతుంది.

స్టీలు క్లిప్పుల విషయంలో మోసం ఎక్కువ. అయస్కాంతం అంటకపోతే మంచి స్టీలని చాలామంది నమ్మకం. అయితే మంచి 304 రకం స్టీలును కూడా తీగగా సాగదీసి వంచినప్పుడు కొద్దిగా అయస్కాంతానికి అంటుతుంది. కాబట్టి ఆ పరీక్షతో మంచిదాన్ని కాదనుకునే ప్రమాదం ఉంది. దానికంటే నమ్మకమైన పద్ధతి ఇంటి దగ్గరే ఉంది. ముందుగా ఒకే డజను కొనండి, అందులో ఒకదాన్ని చెంచాడు ఉప్పు కలిపిన గ్లాసెడు నీళ్ళలో సగం మునిగేలా మూడు రోజులు ఉంచండి, నీటిమట్టం దగ్గర ఎర్రని చుక్కలు కనిపిస్తే ఆ రకాన్ని మళ్ళీ కొనకండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్ళలో గాలిలోని ఉప్పు స్టీలుకు సైతం గుంటలు పెడుతుంది కనుక అక్కడివాళ్ళు ఈ పరీక్షను తప్పక చేయాలి. ప్లాస్టిక్, చెక్క క్లిప్పుల లోపలి స్ప్రింగుకు కూడా ఇదే పరీక్ష వర్తిస్తుంది. మరకలు పడేది ఎక్కువగా ఆ స్ప్రింగు వల్లే.

నలుగురున్న ఇంటికి నాలుగు డజన్లు నా అనుభవంలో సరిపోయాయి.

దండెం: ఇక్కడ పొరపాటు ప్రాణాలమీదికి తెస్తుంది

క్లిప్పు ఎంత మంచిదైనా దండెం సరిగా లేకపోతే ఉపయోగం లేదు. తాడును వీణతీగలా బిగించి కట్టాలని చాలామంది అనుకుంటారు. నాలుగు మీటర్ల తాడు మీద ఆరు కిలోల తడిబట్టలు సమంగా పరిచినప్పుడు, తాడు మధ్యలో 10 సెంటీమీటర్లు మాత్రమే దిగేంత బిగువుగా ఉంటే ఒక్కొక్క కొక్కెం మీద సుమారు 30 కిలోల లాగుడు పడుతుంది. అదే 20 సెంటీమీటర్లు దిగనిస్తే లాగుడు 15 కిలోలకు తగ్గుతుంది. గోడలోంచి మేకులు ఊడిరావడం వెనుక ఉన్నది ఈ లెక్కే. జానెడు సాగుబాటు ఉంచి కట్టిన దండెమే ఎక్కువకాలం నిలుస్తుంది. బట్టలు నడుమకు జారకుండా ఆపడమే అప్పుడు క్లిప్పు చేసే మొదటి పని.

తాడు మందం క్లిప్పు నోటిలోని గుండ్రటి గాడికి సరిపోవాలి. గాడి కంటే తాడు లావైతే క్లిప్పు సగం తెరుచుకునే ఉండి చిన్నగాలికే ఊడుతుంది. మరీ సన్నమైతే పట్టు తాడును దాటి వట్టి బట్టనే పట్టుకుంటుంది, బట్ట తాడు వెంట జారుతుంది.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. ఇనుపతీగ దండేనికి కరెంటు ప్రసరించి, బట్టలు ఆరవేస్తున్నవారు, వారిని కాపాడబోయినవారు ఒకరి వెంట ఒకరు చనిపోయిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లో వానాకాలం వచ్చిందంటే పత్రికల్లో కనిపిస్తూనే ఉంటాయి. సర్వీసు వైరు తొడుగు ఎండకు పగిలి, గాలికి ఊగి, తీగదండేనికి రాసుకోవడం అందుకు సాధారణ కారణం. కొత్తగా దండెం కట్టేవారు ఈ క్రమాన్ని పాటించడం మంచిది.

1. సర్వీసు వైరు, స్తంభం, కూలరు, మోటారు, రేకుల షెడ్డు, వీటిలో దేనికీ తగలని చోటును, గాలికి ఊగినా తగలనంత దూరంలో ఎంచుకోవాలి.

2. ఇనుపతీగకు బదులు నైలాను తాడు వాడాలి. ప్లాస్టిక్ తొడుగున్న తీగ లోపల ఉన్నది ఇనుమే. క్లిప్పులు రాసుకున్న చోట తొడుగు చీలితే అది మామూలు తీగతో సమానం. నైలాను కూడా తడిసి మురికిపట్టినప్పుడు పూర్తి రక్షణ ఇవ్వదు కనుక మొదటి నియమమే అసలు రక్షణ.

3. ఇంటి మెయిన్‌లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరాను ఆపేసే స్విచ్చు, ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి.

4. దండెం తగిలినప్పుడు చిన్నగా జిల్లుమన్నా ఆ రోజుకు బట్టల మాట మరిచి, తాడును మళ్ళీ ముట్టుకోకుండా మెయిన్ ఆపి, 1912కు ఫోన్ చేయాలి. ఎవరైనా అంటుకుని ఉంటే వారిని చేత్తో లాగకూడదు. మెయిన్ ఆపడం, అది కుదరకపోతే పొడి కర్రతో విడిపించడం, ఆ వెంటనే 108కి ఫోన్ చేయడం సరైన వరుస.

బట్టను బట్టి పట్టు

ఆరవేయడానికి ముందు దండేన్ని తడిగుడ్డతో ఒకసారి ఈ చివరి నుంచి ఆ చివరికి తుడవాలి. దుమ్ము, పావురాల రెట్ట, తుప్పు, పాత క్లిప్పుల సుద్దపొడి అన్నీ ఆ గుడ్డకే అంటుతాయి. తర్వాత ప్రతి బట్టనూ రెండు చేతులతో పట్టి గట్టిగా రెండుసార్లు విదిలించాలి. ఈ విదిలింపుతోనే ముడతల్లో చాలాభాగం పోతాయి. ఇస్త్రీ చేసేవాళ్ళకు దీని విలువ తెలుసు.

చొక్కాకు ఉత్తమమైన పద్ధతి హ్యాంగరు. హ్యాంగరు కొక్కేన్ని తాడుకు తగిలించి, కొక్కెమూ తాడూ కలిసేలా ఒక క్లిప్పు పెడితే, అది గాలికి తాడు వెంట పరుగెత్తదు, చొక్కా మీద ఏ గుర్తూ పడదు. హ్యాంగరు లేనప్పుడు చొక్కాను తలకిందులుగా, కింది అంచు పక్క కుట్ల దగ్గర పట్టించాలి. కుట్టు దగ్గర బట్ట రెండు మూడు పొరలుగా ఉండి బలంగా ఉంటుంది; పడిన గుర్తు ప్యాంటు లోపలికి పోతుంది. భుజం దగ్గర క్లిప్పు పెట్టి, తర్వాత అక్కడ లేచిన చిన్న కొమ్ములను ఇస్త్రీపెట్టెతో అణచడానికి తంటాలు పడడం నేను చాలా ఇళ్ళలో చూశాను. టీషర్టుకూ ఇదే వర్తిస్తుంది.

జీన్సు ప్యాంటులో ఆలస్యంగా ఆరేది నడుం పట్టీ, జేబులు. జేబులను బయటికి లాగి, నడుమును గుండ్రంగా తెరిచి, రెండు సమాంతర తాళ్ళ మధ్య మూడు నాలుగు క్లిప్పులతో పట్టిస్తే గాలి పైనుంచి కాళ్ళలోకి దిగుతుంది. మామూలు నూలు ప్యాంటును మాత్రం తలకిందులుగా, కాళ్ళ అంచుల దగ్గర, లోపలి బయటి కుట్లు కలిపి పట్టించడం మేలు. నడుం బరువుకు ముడతలు వాటంతటవే సాగుతాయి.

దుప్పట్ల విషయంలో అందరూ చేసే పొరపాటు సరిగ్గా సగానికి మడిచి తాడు మీద వేయడం. అప్పుడు రెండు పొరలూ ఒకదానికొకటి అతుక్కుని లోపలి వైపు తడి అలాగే ఉండిపోతుంది. పక్కపక్కనే రెండు తాళ్ళుంటే ఒక అంచును ఒక తాడుకు, రెండో అంచును రెండో తాడుకు జానెడు మడతతో పట్టించి, నడుమ దుప్పటి పడవ ఆకారంలో దిగేలా వదిలితే గాలి లోపలినుంచి పోతుంది, ఆరడానికి పట్టే సమయం బాగా తగ్గుతుంది. ఆషాఢపు గాలుల్లో ఒక్కో అంచుకు నాలుగు క్లిప్పులు తక్కువ కావు. ఆ గాలి ఒకసారి ఐదో అంతస్తులోని మా బాల్కనీ నుంచి ఒక దుప్పటిని ఎత్తుకుపోయి ఎదురింటి మామిడిచెట్టు మీద పరిచింది. రెండు క్లిప్పులు చాలుననుకున్న తప్పు నాది. చెట్టెక్కిన కష్టం మాత్రం వాచ్‌మన్‌ది.

చీరకు కొంచెం వివరంగా చెప్పాలి. చీర ఐదున్నర మీటర్లు, దండెం చాలా ఇళ్ళలో అందులో సగం. పొడవైన డాబా ఉన్నవాళ్ళు పై అంచును తాడు పొడవునా వేసి, రెండు మూరలకొక క్లిప్పు పెట్టుకోవచ్చు. చిన్న దండెమైతే చీరను పొడవులో సగానికి మడిచి, ఫాల్ కుట్టిన వైపు వెలుపలికి, గాలివాటుకు ఉండేలా వేయాలి. ఫాల్ దగ్గర బట్ట రెండు పొరలు కనుక అది చివరగా ఆరుతుంది. పైకి పొడిగా తగిలిన చీరను మడిచి బీరువాలో పెడితే వాసన వచ్చేది ఆ చోటే. క్లిప్పులను ఎప్పుడూ లోపలి చెంగు వైపు, అంటే కట్టుకున్నప్పుడు బొడ్డు దగ్గర దోపుకునే భాగం వైపు పెట్టాలి, కొంగు మీద పెట్టకూడదు. గంజి పెట్టిన మంగళగిరి నూలుచీరలకు మరో జాగ్రత్త అవసరం. గంజి ఆరేటప్పుడు క్లిప్పు నోరు బట్టకు అతుక్కుని, తీసేటప్పుడు గట్టి పక్కులా గుర్తు మిగులుతుంది. కాస్త తడి ఉండగానే ఒకసారి క్లిప్పులను అంగుళం పక్కకు జరిపి, ఆ చోటును రెండు అరచేతులతో సాగదీస్తే గుర్తు నిలవదు. కలంకారీ వంటి రంగుబట్టలను తిరగేసి నీడలో ఆరవేయాలి. పట్టుకూ జరీకీ క్లిప్పు వద్దు; తప్పనిసరైతే చేతిరుమాలు మడిచి, దాన్ని బట్టకూ క్లిప్పుకూ నడుమ అడ్డుపెట్టాలి.

లుంగీని, లంగాను గొట్టంలా తెరిచి ఒక పొరను మాత్రమే తాడుకు పట్టించాలి. సాక్సులను కాలివేళ్ళ వైపు పట్టించాలి, ఎలాస్టిక్ వైపు పట్టిస్తే అది సాగుతుంది. ఉన్ని స్వెట్టరుకు తాడూ క్లిప్పూ రెండూ పనికిరావు. దాన్ని చాప మీద పరిచి ఆరబెట్టాలి.

పక్కపక్క బట్టల కొసలను కలిపి ఒకే క్లిప్పుతో పట్టించడం పొదుపే, కాని రంగు దిగే బట్టనూ తెల్లబట్టనూ అలా జత చేయకూడదు.

ఎండ ఉంటేనే బట్టలు ఆరతాయన్న నమ్మకం సగమే నిజం. తడిని మోసుకుపోయేది గాలి. ఆ గాలి ఎంత పొడిగా ఉంటే అంత ఎక్కువ మోసుకుపోతుంది. అందుకే వేసవిలో రామగుండంలో నీడలో వేసిన తువ్వాలు త్వరగా ఆరుతుంది, ఉక్కపోసే మచిలీపట్నంలో మంచి ఎండలో వేసినది కూడా అంతకంటే ఆలస్యం చేస్తుంది. వానాకాలంలో ఇంటి లోపల ఆరవేసేటప్పుడు బట్టకూ బట్టకూ నడుమ బెత్తెడు ఖాళీ వదిలి, ఫ్యాను వేసి, కిటికీ కొద్దిగా తెరిచి ఉంచడం ఒక్కటే మార్గం. గంటల తరబడి తడిగా ఉన్న బట్టలో బాక్టీరియా పెరగడం వల్లే ముక్కిపోయిన వాసన పుడుతుంది; సెంటు చల్లితే అది పోదు, మళ్ళీ ఉతకవలసిందే.

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళకు వేరే చిక్కు ఉంది. అక్కడ అనేక కాలనీల ఇళ్ళ సంఘాలు ఆరుబయట బట్టలు ఆరవేయడాన్ని నిషేధిస్తాయి. అలాంటి నిషేధాలు చెల్లకుండా ఫ్లోరిడా, మేన్, వెర్మాంట్ వంటి కొన్ని రాష్ట్రాల్లో చట్టాలున్నాయి, కనుక తాడు కట్టేముందు తమ రాష్ట్ర చట్టాన్నీ సంఘం నియమాలనూ చూసుకోవడం మంచిది. స్ప్రింగు క్లిప్పు పుట్టిన వెర్మాంట్‌కే దాన్ని వాడుకునే హక్కు కోసం చట్టం కావలసివచ్చింది!

తుప్పుమరక పడితే

తెల్లబట్ట మీద తుప్పుమరక కనిపించగానే బ్లీచింగు ద్రావణం పోయడం చాలామందికి అలవాటు. క్లోరిన్ బ్లీచి తుప్పును తొలగించకపోగా మరింత స్థిరపరుస్తుంది. దానికి బదులు మరక మీద నిమ్మరసం పిండి, ఉప్పు చల్లి, గంటసేపు ఎండలో ఉంచి, నీళ్ళతో జాడించాలి. ఒకసారికి పోకపోతే రెండు మూడుసార్లు చేయాలి. రంగుబట్ట అయితే ముందుగా లోపలి కుట్టు దగ్గర చుక్క వేసి రంగు వెలుస్తుందో లేదో చూసుకోవాలి. మరక తెచ్చిన క్లిప్పును అదే రోజు ఏరి పక్కన పెట్టకపోతే వచ్చే ఆదివారం మరో చొక్కా బలవుతుంది.

ఊడిన క్లిప్పును తిరిగి బిగించడం

చెక్క క్లిప్పు నేలమీద పడి మూడు ముక్కలైతే చాలామంది చెత్తబుట్టలో వేస్తారు. నిజానికి అది విరగదు, ఊడుతుందంతే. దాన్ని బిగించడానికి అరనిమిషం చాలు, కాకపోతే మొదటి రెండుసార్లు స్ప్రింగు చేతిలోంచి ఎగిరి మంచం కిందికి పోతుంది. చదునైన బల్ల దగ్గర, మొహం దూరంగా పెట్టి చేయండి.

1. ఒక చెక్కముక్కను చేతిలోకి తీసుకుని చూడండి. లోపలి చదును వైపు రెండు గాళ్ళుంటాయి. నోటికి దగ్గరగా ఉన్నది తాడు కోసం, నడుమ ఉన్నది స్ప్రింగు చుట్ట కోసం. వెలుపలి వైపు సన్నని గీతలాంటి గాడి ఒకటి ఉంటుంది, అది స్ప్రింగు చేయి కూర్చునే చోటు.

2. చుట్టను నడిమి గాడిలో పెట్టి, స్ప్రింగు ఒక చేతిని ముక్క వెలుపలికి తిప్పి, దాని వంపును సన్నగాడిలో కూర్చోబెట్టండి. ఇప్పుడు స్ప్రింగు ఒక ముక్కను పట్టుకుని నిలుస్తుంది, రెండో చేయి గాలిలో ఉంటుంది.

3. ఎడమచేతి బొటనవేలితో ఆ రెండో చేతిని బలంగా పైకెత్తి పట్టుకోండి. పట్టు చాలకపోతే చెంచా కాడను ఉపయోగించవచ్చు.

4. రెండో చెక్కముక్కను, చదును వైపు లోపలికి ఉండేలా, ఎత్తిన చేయి కిందినుంచి జరపండి. చుట్ట దాని నడిమి గాడిలోకి దిగినప్పుడు చిన్న టక్కుమనే శబ్దం వినిపిస్తుంది.

5. బొటనవేలిని నెమ్మదిగా వదిలి, చేయి వెలుపలి గాడిలో కూర్చుందో లేదో చూడండి. రెండు నోళ్ళు సమంగా కలవకపోతే ఒక ముక్కను కొద్దిగా ముందుకో వెనక్కో జరిపితే సరిపోతుంది.

ప్లాస్టిక్ క్లిప్పులో ఒక కాలు విరిగితే దాని స్ప్రింగునూ మంచి కాలునూ దాచుకోండి. అదే రకంలో మరొకటి విరిగినప్పుడు రెండింటినీ కలిపి ఒకటి చేయవచ్చు.

దండెం మీద కాక

వంటింట్లో రవ్వ, కారం, టీపొడి ప్యాకెట్లకు క్లిప్పు పెట్టడం అందరూ చేసేదే, కాని నడుమ ఒక్కటే పెట్టి రెండు పక్కలా గాలికి దారి వదులుతారు. ప్యాకెట్టును కిందినుంచి పైకి నొక్కి గాలి తీసి, మూతిని మూడుసార్లు గట్టిగా మడిచి, ఆ మడత రెండు చివర్లలో చెరొకటి పెట్టాలి. ఈ పనికి కొత్త క్లిప్పులనే కేటాయించండి. దండెం మీద దుమ్ము తిన్నవి తిండి దగ్గరికి రాకూడదు.

వడియాలు పెట్టే రోజున క్లిప్పు విలువ తెలుస్తుంది. నవారు మంచం మీద పాత పంచె పరిచి, నాలుగు పక్కలా పట్టెకు క్లిప్పులతో బిగిస్తే, గాలికి అంచు లేచి తడివడియాల మీద పడడమనే పాతబాధ తప్పుతుంది. పైన కాకుల కోసం కప్పే పల్చటి గుడ్డను మంచం కోళ్ళకు కట్టిన తాడుకు వేలాడదీస్తే అది వడియాలకు తగలదు. ఊరగాయ కలిపిన మూడోరోజున తిరగకలపడం కోసం జాడీ వాసెన విప్పినప్పుడు, కట్టు తాడును మళ్ళీ చుట్టేదాకా గుడ్డను మూతి చుట్టూ నాలుగు క్లిప్పులతో నిలిపి ఉంచడం కూడా ఒక చేయి ఖాళీ చేసే పనే.

కుట్టుపని చేసేవాళ్ళు చీరకు ఫాల్ కుట్టేటప్పుడు గుండుసూదులకు బదులు చెక్క క్లిప్పులు వాడితే పల్చటి బట్టకు చిల్లులు పడవు. ముందుగా ఫాల్‌ను నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టి ఇస్త్రీ చేయాలి, లేకపోతే తొలి ఉతుకులో అది కుంచించుకుని చీర అంచును ముడుచుకుపోయేలా లాగుతుంది. తర్వాత ఫాల్ అంచును చీర అంచుతో కలిపి జానెడుకొక క్లిప్పు పెట్టుకుంటూ, కుట్టు ముందుకు సాగేకొద్దీ ఒక్కొక్కటే తీసుకుంటూ పోవాలి.

చిన్న మేకును గోడకు కొట్టేటప్పుడు వేళ్ళతో కాక క్లిప్పు నోటితో పట్టుకుంటే సుత్తిదెబ్బ క్లిప్పు తింటుంది. ఫెవికాల్ పెట్టి అతికించిన చెక్కముక్కలు, పుస్తకం వెన్ను ఆరేదాకా బిగించి ఉంచడానికి కూడా ఇది సరిపోతుంది; జిగురు బయటికి ఉబికి క్లిప్పునే అతికించకుండా నడుమ ప్లాస్టిక్ కాగితం ముక్క పెట్టాలి. కాకర, దొండ పాదులను పందిరి తాడుకు ఎక్కించేటప్పుడు లేతతీగను నోటి కొసతో పట్టించకుండా లోపలి గుండ్రటి గాడిలో వదులుగా ఉండేలా పెడితే అది నలగదు. దోమతెర రెండు అంచులు కలిసే చోట ఒకటి రెండు క్లిప్పులు పెట్టిన రాత్రికీ పెట్టని రాత్రికీ తేడా పొద్దున్నే చేతుల మీద కనిపిస్తుంది. సినిమా చిత్రీకరణల్లో దీపాల ముందు రంగుకాగితాలు పట్టించడానికి చెక్క క్లిప్పులే వాడతారు, ఆ వేడికి ప్లాస్టిక్ కరుగుతుంది కాబట్టి.

కొన్ని చోట్ల దాన్ని వాడకూడదు. గ్యాసు పైపు, సెలైను గొట్టం, కరెంటు తీగ అతుకు, ఇవి క్లిప్పుతో సర్దుకునే వ్యవహారాలు కావు. ముక్కు నుంచి రక్తం కారుతుంటే వేళ్ళతో నొక్కి పట్టాలి, క్లిప్పు పెట్టకూడదు. మూడేళ్ళలోపు పిల్లల చేతికి స్ప్రింగు క్లిప్పు ఇవ్వవద్దు. ఊడిన స్ప్రింగు నోట్లోకి పోయే పరిమాణంలోనే ఉంటుంది.

బట్టలు తీసేటప్పుడు క్లిప్పులను దండేనికే వదిలేయడం వాటి ఆయుష్షును అన్నిటికంటే ఎక్కువగా తగ్గిస్తుంది. పాత జీన్సు కాలును మోకాలి కింద కత్తిరించి, అడుగున కుట్టి, వాననీరు నిలవకుండా ఒక చిల్లు పెట్టి, పైన హ్యాంగరు దూర్చి కుడితే మంచి సంచి తయారవుతుంది. బట్టలు ఆరవేసేటప్పుడు దాన్ని తాడు మీద మన వెంటే జరుపుకుంటూ పోవచ్చు, పని అయ్యాక తలుపు వెనుక తగిలించవచ్చు. మా ఇంట్లోని సంచిలో ఇప్పుడు 43 క్లిప్పులున్నాయి. మిగిలిన ఐదూ పప్పుల డబ్బాల అలమరలో ప్యాకెట్లకు ఉన్నాయి.